రాళ్ళగడ్డ తీర్పు

కుశావర్త రాజ్యంలో అన్యాయం చెయ్యదలచినవాడు దొంగలాగా గోడలు దూకనక్కరలేదు. ధర్మమండపానికి వెళ్ళి, గంట కొట్టి, పట్టపగలు దర్జాగా చేసుకోవచ్చు.

ఆ మండపం వైభవం చెప్పతరమా! వరుసలు తీరిన స్ఫటిక స్తంభాలు, స్తంభానికొక భంగిమలో నిలిచిన ధర్మదేవత శిల్పాలు, పైకప్పు నిండా పొదిగిన పచ్చలు, ఆ పచ్చల కాంతి పడి చిలకపచ్చ రంగులో మెరిసే పాలరాతి నేల, నేల మధ్యన ఏనుగు దంతాల పీఠం, పీఠం మీద పట్టు తలగడ, ఆ తలగడ మీద ఒరిగి కూర్చున్న ధర్మాధికారి వేదనిధి. పరిచారికలు నెమలి వింజామరలు వీస్తుంటే ఆయనకు కళ్ళు మూతలు పడుతున్నాయి. అంతటి పాలరాతి నేల మీద ఉత్తకాళ్ళతో, తలపాగా చంకలో ఇరికించుకుని నిలబడ్డాడు కౌలురైతు ఓబులు. పక్కన అతని భార్య సాలమ్మ. ఆ ఇద్దరి వెనక గొంగడి కప్పుకుని, మొహానికి మసి పూసుకున్న పాలేరు సింగడు నిలబడ్డాడు.

సింగడంటే ఎవరో కాదు, కుశావర్త యువరాజు శరభకేతుడే! రాజ్యంలో ఏ రైతు పొలంలో పాతకాలపు శిలలు బయటపడినా అక్కడ ‘రక్షిత స్థలం’ అని పలక పాతడం, ఏడాది తిరిగేసరికి ఆ శిలలూ, ఆ రైతూ కూడా మాయమైపోవడం కొంతకాలంగా జరుగుతోంది. ఆ గుట్టు తేల్చడానికే యువరాజు తండ్రితో కూడా చెప్పకుండా బయలుదేరి, ఏటిగడ్డ గ్రామం చేరి, ఓబులు దగ్గర పాలేరుగా కుదిరాడు. సాలమ్మ పెట్టిన రాగిసంకటి తిన్నాడు, ఎద్దులు తోలాడు, అరచేతులు కాయలు కాయించుకున్నాడు. ఓబులును మామా అనీ, సాలమ్మను అత్తా అనీ పిలవడం అలవాటైపోయింది.

ఇక వ్యాజ్యం సంగతి వినండి. విన్నాక మీ పళ్ళు పటపటలాడకపోతే నన్నడగండి.

ఓబులు కౌలుకు చేసే చేను నడుమ రాళ్ళగడ్డ ఒకటుంది. పూర్వమెప్పుడో నేలలోకి కుంగిపోయిన వృషభనగరం తాలూకు నల్లరాతి నందుల తలలు అక్కడ మట్టిలోంచి బయటికి కనపడుతుంటాయి. ఏటిగడ్డ రైతులకు ఒక ఆనవాయితీ ఉంది. దున్నుతుండగా నాగలి కర్రుకు పాతరాయి గీసుకుంటే వెంటనే ఎద్దులను ఆపి, కాడి విప్పి, నాగలిని భుజాన వేసుకుని గడ్డ చుట్టూ నడిచి అవతలి పక్క దించుతారు. దానికి ‘నాగలెత్తు’ అని పేరు. ఆ ఊళ్ళో కుర్రవాడికి దున్నడం కంటే ముందు నాగలెత్తు నేర్పుతారు. ఎందుకని అడిగితే, “కింద ఉండేటోళ్ళు నిద్రపోతాండారు, లేపగూడదు” అంటారు. ఏ రాజూ చెప్పకుండానే, ఏ భటుడూ కాపలా కాయకుండానే, ఆ రాళ్ళు అన్ని తరాలుగా చెక్కు చెదరకుండా ఉన్నది వాళ్ళవల్లనే.

అలాంటి నేలకు మహారాజు శిలారక్షా శాసనం చేశారు. పాతరాళ్ళున్న చోట కర్రు దించినవాడికి కుడిచెయ్యి నరకాలని ఆ శాసనం. బాగానే ఉంది. కాని ఆ చేను సొంతదారు కుంజరనాయకుడు రాయించుకున్న కౌలు పట్టాలో ఇంకో మాట ఉంది. జానెడు నేల బీడుగా వదిలినా కౌలు రద్దు, చేను ఖాళీ! దున్నితే చెయ్యి పోతుంది, దున్నకపోతే చేను పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓబులుకు ఆ చేను తప్ప గోరంత ఆధారం లేదు.

రాళ్ళగడ్డ బీడుగా ఉందని కామందు కుంజరనాయకుడు ఫిర్యాదు చేశాడనీ, ధర్మమండపం వారు చూడటానికి వస్తున్నారనీ తెలిసి ఓబులు రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. మూడోనాడు లేచి, కర్రు దించకుండా, గడ్డ మీద రాళ్ళ సందుల్లో గుప్పెళ్ళతో ఉలవలు చల్లాడు. వాన పడింది, మొలకలొచ్చాయి. దున్నలేదు గనక శాసనానికి భంగం లేదు, పైరు మొలిచింది గనక బీడు కాదు. ఊరంతా వచ్చి అతని తెలివికి ముక్కున వేలేసుకుని పోయారు. పిచ్చి మారాజులు!

“దున్నలేదు కనుక బీడు పెట్టిన నేరం రుజువైంది,” అన్నాడు వేదనిధి ఆవలిస్తూ. “మొలకెత్తిన ఉలవల వేళ్ళు శిలల సందుల్లోకి చొరబడ్డాయి కనుక శిలాభంగ నేరం కూడా రుజువైంది.”

ఓబులు చేతులు జోడించాడు.

“సామీ, ఒకే నేల మీద ఒకే మనిషి దున్ననందుకూ తప్పే, విత్తినందుకూ తప్పేనా? మా తాతలకాడి నుంచి ఆ రాళ్ళను కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాము. ఏం చేసుంటే నేను తప్పులేనోణ్ణి అయ్యేదో, అదన్నా చెప్పండి.”

“అది చెప్పడం ఈ మండపం పని కాదు. నేరం జరిగిందా లేదా అన్నంత వరకే మా పని.”

సాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. కొంగు బిగించి ముందుకొచ్చింది.

“ఏం పని సామీ మీది? నీడపట్టున కూసోని గాలి విసిరించుకునే పనా? ఈ నాయకుడు ఏనాడన్నా ఆ చేలో కాలు పెట్టినాడా అడగండి. చేను ఏ దిక్కున ఉండాదో అడగండి! ఎండలో ఎండింది మేము, వానలో నానింది మేము. పంట వచ్చినప్పుడు బండి కట్టుకుని వచ్చేదానికి తప్ప, ఈయప్పకు ఆ దోవ తెలుసా?”

కుంజరనాయకుడు మీసం దువ్వుకుంటూ నవ్వాడు. ఎర్రపట్టు తలపాగా, చెవులకు వజ్రాలు, వేలికొక ఉంగరం. “దోవ తెలియకపోయినా పట్టా నా పేరునే ఉందిగా సాలమ్మా,” అన్నాడు.

అప్పుడు లేచాడు శిలారక్షకుడు జటావల్లభుడు. రాజ్యంలోని పాతశిలలన్నిటికీ కాపుదారుగా మహారాజు నియమించిన అధికారి అతను. తెల్లటి బట్టలు, మెడలో రుద్రాక్షలు, గొంతులో తేనె.

“ధర్మప్రభూ, తమ తీర్పు దివ్యంగా ఉంది. కాని ఒక్క మనవి. కౌలు రద్దు చేసేముందు ఈ ఓబులు బీడు విరిచి అప్పగించడం ధర్మం. అంచేత తన చేత్తో రాళ్ళగడ్డను ఒక్క చాలు దున్నాలి. కౌలుదారుగా ఉండగానే దున్నాలి. చెయ్యి నరకడం, చేను లాక్కోవడం ఆ తర్వాత వరసగా కానివ్వచ్చు.”

శరభకేతుడు ఉలిక్కిపడ్డాడు. రాళ్ళను కాపాడవలసినవాడే దున్నించమంటున్నాడు! అతను జటావల్లభుడి మొహంలోకి పరకాయించి చూశాడు. ఎక్కడి నుంచో ఒక ఈగ వచ్చి ఆ పెద్దమనిషి కంటి మీద వాలింది. సరిగ్గా కనుగుడ్డు మీద వాలి అటూ ఇటూ నడిచింది. రెప్ప కదలలేదు.

“దున్నితే రాళ్ళు పగలవా? రాళ్ళ కాపుదారు నోట రావలసిన మాటేనా ఇది?” అని యువరాజు గట్టిగా అడిగేశాడు.

“ఎవడ్రా వాడు? పాలేరు వెధవకు ధర్మమండపంలో నోరా?” అని అరిచాడు వేదనిధి. భటుడొకడు ఈటె కర్రతో శరభకేతుడి డొక్కలో పొడిచాడు. తన తండ్రి జీతమిచ్చే భటుడు, తన తండ్రి కట్టించిన మండపంలో! యువరాజు చెయ్యి గొంగడి కింద ఉన్న కత్తి మీదికి పోయింది. ఓబులు ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

“వద్దురా అల్లుడా. నువ్వు చిన్నోడివి. నా బతుకెట్లాగూ అయిపాయ.”

గంట మోగింది. మర్నాడు పొద్దున రాళ్ళగడ్డ మీద తీర్పు అమలు జరగాలని ఆజ్ఞ అయింది. న్యాయం అంత చక్కగా ముగిసినందుకు అందరూ లేచి ధర్మదేవతకు దండం పెట్టుకున్నారు. థూ!

తెల్లవారింది. తామ్రకొండ వెనకనుంచి సూర్యుడు పైకొచ్చేసరికి ఏటిగడ్డ చేలన్నీ మంచు తుడుచుకుని పచ్చగా మెరుస్తున్నాయి. కొర్ర కంకులు వంగి ఉన్నాయి, గట్ల మీద తంగేడు పసుపుపచ్చగా విరగబూసింది, నల్లనందుల తలల చుట్టూ ఉలవ తీగలు అల్లుకుని ఉన్నాయి. ఆ అందం మీదికి బూరలు ఊదుకుంటూ వచ్చింది పటాలం. ముందు భటులు, వెనక పల్లకీలో వేదనిధి, గుర్రం మీద కుంజరనాయకుడు, నడిచి జటావల్లభుడు, అందరికంటే చివర భుజాన గండ్రగొడ్డలితో చెయ్యి నరికే తలారి. కామందు తన ఖర్చు మీద ఒక కొత్త ఇనుప నాగలి కూడా మోయించుకొచ్చాడు. ఊరివాళ్ళను ఈటెలు అడ్డం పెట్టి గట్టు అవతలే నిలిపేశారు. ఓబులూ, సాలమ్మా, పాలేరూ మాత్రం గడ్డ పక్కన నిలబడ్డారు.

భటులు ఓబులు ఎద్దులకు ఆ నాగలి కట్టి అదిలించారు. ఎద్దులు చేను సగం దాకా నడిచి, రాళ్ళగడ్డ అంచున టక్కున ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అక్కడ ఆగడమే వాటికి తెలుసు. కొరడాలతో బాదారు, తోకలు మెలిపెట్టారు, అయినా గిట్ట కదపలేదు. ఓబులు నాగలి మేడి మీద చెయ్యే వెయ్యలేదు.

“నేను దున్నను సామీ. చెయ్యి నరుక్కోండి, చేను తీసుకోండి. ఆ గడ్డలో మాత్రం కర్రు దించను.”

“చూశారా వీడి పొగరు!” అన్నాడు కుంజరనాయకుడు.

“పొగరు ఎలా దించాలో నాకు తెలుసు,” అన్నాడు జటావల్లభుడు. అతని గొంతులో తేనె ఇంకిపోయింది. రెండు చేతులూ పైకెత్తి ఏదో గొణిగాడు. తెల్లబట్టలు భగ్గున మండి బూడిదై రాలిపోయాయి. వాటి లోపలి నుంచి తాటిచెట్టంత మనిషి లేచాడు. నిప్పుకణికల్లాంటి కళ్ళు, బొడ్డు దాకా గడ్డం, మెడలో పుర్రెల దండ, నేల మీద ఈడ్చుకుంటూ కదులుతున్న జడలు. ఆ జడలు ఒక్కొక్కటీ పడగ విప్పి బుసకొడుతున్నాయి.

“కరాళజటి!” అని శరభకేతుడు పళ్ళు కొరికాడు. పల్లెల్లో గుసగుసగా చెప్పుకునే పాముజడల మాంత్రికుడు వీడే. పాతరాళ్ళ చోట్లన్నిటినీ దోచి, రైతులను మింగేసిన మాంత్రికుడు తన తండ్రి కొలువులోనే కాపుదారు వేషంలో తిరుగుతున్నాడన్నమాట. కంచే చేను మేసింది!

భటులు ఈటెలు పారేసి పారిపోబోయారు. వేదనిధి మాత్రం పల్లకీ తెర కొంచెం ఎత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. “ఆగండి! మనకు కావలసింది తీర్పు అమలు కావడం. అమలు చేసేవాడు మనిషా, మాంత్రికుడా అన్నది ఈ వ్యాజ్యంలో అంశం కాదు,” అన్నాడు లోపలి నుంచి. విన్నారా? ఇంత చదువు చదివిన నోటి నుంచి వచ్చిన మాట ఇది!

కరాళజటి కొండ అదిరేలా నవ్వాడు. “ఒరే ఓబులూ! ఈ గడ్డ కింద వృషభముద్ర ఉందిరా. ఆ ముద్ర పడిన మాటను ఏ ప్రాణీ కాదనలేదు. వేసిన శాపమైనా, ఇచ్చిన వరమైనా ఆ మాటకు లోబడాల్సిందే. అది చేత చిక్కితే నేను పలికిందే శాసనం, నేను గీసిందే ధర్మం! దున్ను! లేకపోతే ఇదిగో నీ పెళ్ళాం!”

మంత్రదండం సాలమ్మ వైపు తిప్పాడు. ఆమె పాదాలు నల్లబడ్డాయి. చూస్తుండగానే పాదాలు రాయైపోయాయి, మడమలు రాయయ్యాయి, రాతితనం చీర కుచ్చిళ్ళ వెంట పైకి పాకసాగింది.

“సాలమ్మా!” అని ఓబులు పరిగెత్తబోతే భటులు పట్టుకున్నారు.

“దున్నినావంటే నీ మొగం చూడనయ్యో!” అని అరిచింది సాలమ్మ. “ఆ గడ్డలో కర్రు దించనని మీ నాయన ముందర చేతులో చెయ్యేసి చెప్పినావు గుర్తుందా? వీని మొగం మన్ను గొట్ట! వీడు చెప్పిందే ధర్మమైతే ఇంక లోకంలో ఎవురు బతుకుతారు? నాకు కాళ్ళేగా పోయింది, నోరుండాదిలే!”

ఇక శరభకేతుడు ఆగలేదు. గొంగడి విసిరేసి, తండ్రి భటుల మీద కత్తి దుయ్యలేక, గట్టు మీది పాత కాడిమాను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఎదురొచ్చిన భటులు నలుగురు ఉలవ తీగల్లో పడ్డారు. తలారి గండ్రగొడ్డలి ఎగిరిపోయి తుమ్మమొద్దులో దిగబడింది. కుంజరనాయకుడి గుర్రం బెదిరి ఆయనను బురదలో కూలేసి తన దారిన తాను పోయింది. కాడిమాను సూటిగా కరాళజటి రొమ్ము మీద పడింది. పొగలోంచి పోయినట్టు ఇవతలి నుంచి అవతలికి పోయింది! మరుక్షణం ఆ పాముజడలు చుట్టుకుని యువరాజును గాలిలోకి లేపాయి.

“ఆపండి! నేను యువరాజు శరభకేతుణ్ణి! ఇదిగో రాజముద్రిక!” అని అరుస్తూ అతను ఉంగరం వేలు చూపించాడు. మొహం మీది మసి చెమటకు కారిపోయింది.

భటులు మోకాళ్ళ మీద పడ్డారు. పల్లకీ తెర మళ్ళీ కొంచెం లేచింది. “యువరాజుల వారికి ప్రణామాలు. తీర్పు మీద అభ్యంతరం ఉంటే మహారాజు ముద్రతో విన్నపం దాఖలు చేయించండి, నలభై రోజుల మండలం గడిచాక విచారిస్తాం,” అన్నాడు వేదనిధి.

రాతితనం సాలమ్మ మోకాళ్ళు దాటింది. శరభకేతుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి కోపంతో వచ్చిన నీళ్ళు.

“కరాళజటీ! నీకు కావలసింది చాలే కదా? ఆమెను వదులు. ఈ రాజ్యంలో నేలంతా మా వంశానిది. ఓబులెందుకు, నేనే దున్నుతాను!” అన్నాడు. నేల తెరుచుకున్న క్షణంలో అందరికంటే ముందు తనే లోపలికి దూకాలని అతని ఎత్తు.

మాంత్రికుడు మీసాల చాటున నవ్వి, జడలు సడలించాడు. “దున్ను నాయనా, దున్ను. నీ సరదా ఎందుకు కాదనాలి!”

యువరాజు ఎద్దులను విప్పేశాడు. ఇనుప నాగలిని తానే రెండు చేతులా ఎత్తి, రాళ్ళగడ్డ మట్టిలో బలం కొద్దీ కర్రు పొడిచాడు. ఫెళ్ళుమని పిడుగు పడ్డంత చప్పుడైంది. నాగలి ముక్కలు ముక్కలైంది. శరభకేతుడు బంతిలా ఎగిరి వెళ్ళి గట్టు కింద పడ్డాడు. మట్టి మీద గీత కూడా పడలేదు.

బురదలోంచి లేస్తున్న కుంజరనాయకుడు అది చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. తనకు జరిగిన పరాభవం యువరాజుకు కూడా జరిగిందన్న ఆనందంలో ఒళ్ళు మరిచాడు. “ఏం యువరాజా, చేతులు మండుతున్నాయా? మొన్న రహస్యంగా వచ్చి నేను దున్నబోతే నా నాగలీ ఇలాగే తునకలైంది! పట్టా చేత పట్టుకుని మరీ దున్నాను, అయినా ఎగిరి ముళ్ళకంపలో పడ్డాను!”

“నోరు ముయ్యి మూర్ఖుడా!” అని గర్జించాడు కరాళజటి. కాని ఆలస్యమైపోయింది. ఓబులు ఆ మాట విన్నాడు.

ఓబులు కామందును చూశాడు, ముక్కలైన నాగలిని చూశాడు, గట్టు కింద దుమ్ము దులుపుకుంటున్న యువరాజును చూశాడు. అతనికి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ చేను పరాయిదే. తాత చెప్పాడు పరాయిదని, నాయన చెప్పాడు పరాయిదని, ఏటా పంట కొలిచి పోస్తూ తనూ అదే అనుకున్నాడు. అందుకే ధర్మమండపంలో తలపాగా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ఆ తలపాగా విప్పి, దులిపి, నెత్తికి చుట్టుకున్నాడు.

“పట్టా ఉండేటోణ్ణి ఈ నేల ఒప్పుకోలా. రాజునూ ఒప్పుకోలా,” అన్నాడు మెల్లగా. “అందుకా సామీ, నన్ను కౌలుదారుగా ఉండంగానే దున్నమనింది? ఇది సేద్యం చేసేటోని నేలని అందరికీ తెలుసునన్నమాట. పల్లకీలో ఉండే ఆ పెద్దాయనకు తప్ప!”

సాలమ్మ నడుము దాకా రాయైపోయింది. అయినా ఆమె మొహంలో నవ్వొచ్చింది. “ఇప్పుడు తెలిసిందా మొద్దయ్యా?” అంది.

ఓబులు వంగి రాళ్ళగడ్డ మట్టిపెళ్ళ ఒకటి తీసి శరభకేతుడి దగ్గరికి నడిచాడు. “అల్లుడా, నాతో పొత్తుకొస్తావా?”

ఏటిగడ్డలో పొత్తు సేద్యానికి పత్రాలుండవు, సాక్షులుండరు. ఒకడు మట్టిపెళ్ళ ఇస్తాడు, రెండోవాడు గుప్పిట మూస్తాడు. ఆనాటి నుంచి ఆ చేలో చెమటకూ పంటకూ ఇద్దరూ సమానం. యువరాజు గుప్పిట మూశాడు.

“వస్తా మామా.”

“ఆ ముద్ర తెచ్చి మీ అత్త కాళ్ళు మాన్పు. అది వీని చేతికి మాత్రం పోనీయొద్దు,” అని ఓబులు అతని చెవిలో చెప్పాడు. తర్వాత గట్టు కింద పడున్న తన పాత కొయ్య నాగలి తెచ్చి ఎద్దులకు పూన్చాడు. వాటి గంగడోళ్ళు నిమిరి, “ఈ ఒక్కసారికి నడవండి నాయనా, నేనే చెబుతాండా,” అన్నాడు. కొరడాలకు కదలని ఎద్దులు ఆ మాటకు రాళ్ళగడ్డలోకి అడుగుపెట్టాయి. మేడి మీద ఓబులు చెయ్యి, ఓబులు చెయ్యి మీద శరభకేతుడి చెయ్యి. కర్రు దిగింది. నేల చప్పుడు లేకుండా రెండుగా విచ్చుకుంది. చాలు అడుగున నల్లరాతి మెట్లు కనిపించాయి.

“నాది! నాది!” అని కేకలు పెడుతూ కరాళజటి పరిగెత్తుకొచ్చాడు.

“దూకు అల్లుడా!”

శరభకేతుడు దూకాడు. ఓబులు ఒక్క ఊపున నాగలెత్తి భుజాన వేసుకున్నాడు. మాంత్రికుడు అంచుకు వచ్చేసరికి నేల మూసుకుపోయింది. ముందు వచ్చిన పాముజడ తల ఒకటి మూసుకున్న మట్టిలో ఇరుక్కుని తెగిపోయింది. కరాళజటి నొప్పితో కొండలు పగిలేలా అరిచి మంత్రదండం ఎత్తాడు.

“కొట్టు!” అని ఓబులు నిక్కి నిలబడ్డాడు. “నన్ను చంపితే దీన్ని తెరిచేటోడు లేడు. మా సాలమ్మ ఇంకో వేలెడు రాయైనా నా నాగలి ఇరిచి పొయ్యిలో పెడతా. ముందు ఆ మంత్రం ఆపు. దున్నేదీ దున్నందీ ఇంక నేను చెబుతా. ఇది నా చేను!”

మంత్రదండం గాలిలోనే ఆగింది. రాతితనం సాలమ్మ నడుము దగ్గరే నిలిచిపోయింది. గట్టు అవతల ఊరి రైతులు తమ తమ నాగళ్ళు భుజాన వేసుకుని, ఈటెలు తోసుకుంటూ ఒక్కొక్కరే చేలోకి దిగడం మొదలెట్టారు. పల్లకీ మోసేవాళ్ళు పల్లకీని అక్కడే దించి పోయారు.

కింద శరభకేతుడు దొర్లుకుంటూ మెట్ల అడుగున పడ్డాడు. చుట్టూ పచ్చటి మసక వెలుతురు. ఎదురుగా ఆకాశానికి నిచ్చెన వేసినంత ఎత్తున రాతి సింహద్వారం, దాని ద్వారబంధం నిండా పంటచేలు, కోతలు, నూర్పిళ్ళు చెక్కిన శిల్పాలు, గడపకు అడ్డంగా పడుకున్న కొండంత నల్లనంది. అది కళ్ళు తెరిచింది. లేచి, కొమ్ములు దించి, గిట్టతో నేల గీరింది.

“ఎవడివి నువ్వు?”

“కుశావర్త రాజ్యాధీశుడి కుమారుణ్ణి, యువరాజు...”

నంది ముక్కుల్లోంచి ఆవిరి కక్కుతూ ముందుకు ఉరికింది. కొమ్ము మొన వచ్చి అతని గొంతుకు ఆనింది. శరభకేతుడి గుప్పిట్లో మట్టిపెళ్ళ ఇంకా తడిగా ఉంది. ఆ గుప్పిట విప్పి చూపించాడు.

“ఏటిగడ్డ ఓబులు పొత్తుదారుణ్ణి,” అన్నాడు.

నంది కొమ్ము వెనక్కి తీసుకుని దారి ఇచ్చింది. ద్వారం అవతల చీకటిలో ఇంకా ఎన్నో నందులు లేచి నిలబడుతున్న చప్పుడు వినిపించింది. శరభకేతుడు గుప్పిట మూసుకుని లోపలికి నడిచాడు.